గరిటెడు మూత్రం

తెల్లవారుజామున ఐదింటికి వంటింట్లో లైటు వేసేసరికి గచ్చు మీద నాలుగు చుక్కలు కనిపించాయి. గ్యాసు బండ పక్కన ఒకటి, గడప దగ్గర రెండు, ఫ్రిజ్ కింద ఒకటి. ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత. మా సిరి తలుపు వార ఒదిగి, నా వైపు చూడకుండా పడుకుని ఉంది. ఆరేళ్ల తెల్ల పామరేనియన్. పటమటలోని మా మూడో అంతస్తు ఫ్లాటుకు చేతిలో పట్టేంత పిల్లగా వచ్చింది. అలవాటు పడ్డాక ఏనాడూ ఇంట్లో ఒంటికి పోసి ఎరగదు.

అత్తయ్య చూసి, "వేడి చేసిందే అమ్మాయ్. మే నెల ఎండలు కాదూ! కాస్త బార్లీ కాచి పోయి" అన్నారు. కాచి పోశాను. నాలుగు రోజులకు తగ్గినట్టే ఉంది. నెల తిరక్కుండా మళ్లీ మొదలైంది. ఈసారి దగ్గర్లో ఒకరికి చూపిస్తే యాంటీబయాటిక్ మాత్రలు రాసిచ్చారు. మూడో రోజుకే సిరి హుషారైంది. మిగిలిన మాత్రలు ఫ్రిజ్ మీద డబ్బాలో పడేశాను. వినాయక చవితి నాటికి మూడోసారి. ఆ రోజు గచ్చు తుడిచిన గుడ్డకు లేత గులాబీ రంగు అంటింది.

నాలుగు నెలల్లో మూడుసార్లు. ఈ మూడుసార్లలో దాని మూత్రాన్ని పరీక్షగా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నేనైతే తుడవడమే తప్ప ఇంకేమీ చేయలేదు. ఆడకుక్కల మూత్రబాధలు ఏళ్ల తరబడి సాగడానికి ముఖ్య కారణం ఇదేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ఆ నాలుగు చుక్కల వెనక కనీసం అరడజను వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. "వేడి చేసింది" అన్న మాటా, చూడకుండా రాసిచ్చిన మాత్రా రెండూ ఒకే పని చేస్తాయి. ఏ జబ్బో అడగకుండానే నోరు మూయిస్తాయి.

అలాగని అత్తయ్య బార్లీ నీళ్లను తీసిపారేయను. అందులో మేలు చేసేది బార్లీకన్నా నీళ్లే. ఎక్కువ నీళ్లు లోపలికి పోతే మూత్రం పలచబడుతుంది, మంట తగ్గుతుంది, కొంత బ్యాక్టీరియా కొట్టుకుపోతుంది. బెజవాడ ఎండల్లో ఏసీ గదిలో పడుకుని నీళ్ల గిన్నె దగ్గరికే వెళ్లని కుక్కకు అది అవసరం కూడా. అయితే మంట తగ్గినంత మాత్రాన కారణం పోయినట్టు కాదు.

చివరికి గన్నవరం వెళ్లాం. విజయవాడకు ఇరవై కిలోమీటర్లు. అక్కడి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 1998లో మొదలైంది, ఇప్పుడు తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. కళాశాల ఆసుపత్రి ఓపీలో మాకు ముందు ఒక గేదె దూడ, వెనక రెండు మేకలు. డాక్టరు గారు సిరిని బల్ల మీదికి ఎత్తకముందే నన్ను అడగడం మొదలుపెట్టారు.

"ఏమ్మా, రోజుకు ఎన్నిసార్లు కూర్చుంటోంది? కూర్చున్నప్పుడల్లా ఎంత వస్తోంది? నీళ్లు ఎన్ని తాగుతోంది? నిద్ర లేచాక పక్క తడిగా ఉంటోందా?"

నాలుగింటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ ప్రశ్నల్లోనే సగం రోగనిర్ధారణ ఉందని తర్వాత అర్థమైంది.

మాటిమాటికీ కూర్చుని కొంచెం కొంచెం పోయడం ఒక రకం. అది మూత్రసంచికి, అక్కణ్నుంచి బయటికి వచ్చే గొట్టానికి సంబంధించిన బాధ. సంచి గోడ వాచి ఉంటుంది, నాలుగు చుక్కలు చేరినా నిండినట్టు అనిపిస్తుంది. ప్రతిసారీ బోలెడంత పోయడం వేరే రకం. అక్కడ సంచి తప్పేమీ లేదు. కిడ్నీలు నీళ్లను పట్టి ఉంచలేకపోతున్నాయి, లేదా శరీరమే విపరీతంగా నీళ్లు అడుగుతోంది. చక్కెర వ్యాధి, కిడ్నీ జబ్బు, అడ్రినల్ గ్రంథి అతిగా పనిచేయడం, గర్భసంచిలో చీము పట్టడం, ఇవన్నీ ఈ దారిలోనే బయటపడతాయి. ఒక రోజంతా లీటరు సీసాతో కొలిచి నీళ్లు పెడితే ఈ తేడా ఇంట్లోనే తెలిసిపోతుంది. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే ఆ కుక్కకు రక్తపరీక్ష చేయించాల్సిందే. తొమ్మిది కిలోల సిరికి అది 900 మిల్లీలీటర్లు. పడ్డ మూత్రానికి చీమలు పడితే చక్కెర వ్యాధేమోనని మన పెద్దవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. ఆ గమనింపు కుక్కలకూ వర్తిస్తుంది. ఇక మూడో రకం, తనకు తెలియకుండానే కారిపోవడం. దాని సంగతి విడిగా చెబుతాను.

కొలవగలిగింది ఇంకోటి కూడా ఉంది. అమెరికాలోని జార్జియా టెక్‌లో పట్రీషియా యాంగ్, డేవిడ్ హూ బృందం 2014లో ప్రచురించిన పరిశోధనలో, మూడు కిలోలకు పైబడ్డ క్షీరదాలు కుక్కయినా ఏనుగైనా నిండిన మూత్రసంచిని ఖాళీ చేయడానికి దాదాపు 21 సెకన్లే తీసుకుంటాయని తేల్చారు. ఒక్కో జంతువుకు అటూ ఇటూ బాగానే ఉంటుంది కానీ, ఆరోగ్యంగా ఉన్న కుక్క పొద్దున్నే మొదటిసారి కూర్చున్నప్పుడు ధార ఆగకుండా కొంతసేపు వస్తుందన్నది మాత్రం ఖాయం. బందరు కాలువ గట్టు మీద సిరి కూర్చున్నప్పుడు నేను మనసులో అంకెలు లెక్కపెట్టాను. నాలుగు దాటలేదు. లేచి రెండడుగులు వేసి మళ్లీ కూర్చుంది. ఈసారి రెండు. మూడోసారి ఏమీ రాలేదు, ముక్కుతూ అలాగే ఉండిపోయింది. గంటల తరబడి ముక్కుతున్నా చుక్క కూడా రాకపోతే దారి మూసుకుపోయిందని అర్థం. ఆడకుక్కల్లో అది అరుదే కానీ, అప్పుడు మర్నాటి దాకా ఆగకూడదు.

మగకుక్కల కంటే ఆడకుక్కలకే ఈ బాధ ఎందుకు ఎక్కువంటే, కట్టడమే అలాంటిది. మగకుక్కలో మూత్రం బయటికి వచ్చే గొట్టం పొడవుగా, సన్నగా ఉండి, ఒక ఎముక వెంబడి సాగుతుంది. ఆడకుక్కలో పొట్టిగా, వెడల్పుగా ఉండి, మలద్వారానికి దగ్గర్లోనే తెరుచుకుంటుంది. పేగుల్లో బతికే ఈ-కోలై బ్యాక్టీరియా చర్మం మీదుగా పాకి ఆ కాస్త దూరం ఎక్కడం పెద్ద కష్టమేమీ కాదు. రోజుకు నాలుగైదుసార్లు ధారగా పోస్తూ ఉంటే ఎక్కినవి ఎక్కినట్టే కొట్టుకుపోతాయి. అపార్ట్‌మెంట్లలో మనం ఉద్యోగాలకు పోయి, పది పన్నెండు గంటలు బిగబట్టుకునేలా చేస్తే ఆ కడుగుడు ఆగిపోతుంది. లావెక్కిన కుక్కల్లో మూత్రద్వారం చుట్టూ చర్మం మడతపడి, లోపల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. మన కోస్తా ఉక్కపోతలో ఆ మడత ఆరదు. ఎన్ని మాత్రలు వాడినా తిరగబెట్టే కేసుల్లో కొన్నిటికి మూలం ఈ మడతే. బరువు తగ్గించాలి, మరీ అవసరమైతే చిన్న శస్త్రచికిత్సతో సరిచేయాలి. దురదకు నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగే కుక్కల్లో ఇంకో చిక్కుంది. ఆ మందు రోగనిరోధక శక్తినీ వాపునూ కలిపి అణచివేస్తుంది కనుక, సంచిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా కుక్క ఏ బాధా పైకి చూపదు.

డాక్టరు గారు నన్ను ఇంటికి పంపుతూ, "రేపు పొద్దున్నే గరిటెతో పట్టుకు రా అమ్మా" అన్నారు. మొదట నాకు అర్థం కాలేదు. పొడవాటి పిడి ఉన్న స్టీలు గరిటెను వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి, కుక్క కూర్చోగానే వెనక నుంచి మెల్లగా కిందికి జార్చి, మొదటి ధార వదిలేసి నడిమి ధార పట్టాలట. సిరి రెండుసార్లు లేచి పారిపోయింది. మూడోసారికి రెండు చెంచాలంత దొరికింది. దగ్గరగా ఆ గరిటెలోకి చూశాను. ఎండుగడ్డి రంగులో ఉండాల్సింది మబ్బుపట్టినట్టు ఉంది, అడుగున సన్నటి ఇసుకలాంటిది తళుక్కుమంది. అమ్మోనియా ఘాటు ముక్కుకు తగిలింది. నాలుగు నెలలుగా తుడిచి పారేస్తున్నది ఇదే.

మూత్రం పట్టాక ప్రతి నిమిషమూ విలువైనదే. అనుకూలమైన వెచ్చదనంలో ఈ-కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద పెట్టిన సీసాలో, గన్నవరం చేరేలోపు, కుక్క సంచిలో లేనన్ని పుట్టుకొస్తాయి. మూత పెట్టి, ఐస్ మధ్య ఉంచి తీసుకెళ్లాలి. మరీ ఎక్కువసేపు చల్లగా ఉంచితే లేని స్ఫటికాలు కొత్తగా ఏర్పడతాయి కాబట్టి, స్ఫటికాల కోసం చూసే భాగం తాజాగానే చూడాలి.

మామూలు పరీక్షకు గరిటె మూత్రం చాలు. ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకు మాత్రం అది చాలదు, దారిలో చర్మం మీది క్రిములు కలుస్తాయి. అందుకని స్కానింగ్‌లో మూత్రసంచిని చూస్తూ, పొట్ట మీది నుంచి సన్నటి సూదితో నేరుగా తీస్తారు. వింటే భయం వేస్తుంది. చూస్తే రక్తపరీక్షకు సూది గుచ్చినంత పని. సిరి నా చెయ్యి నాకుతూ ఉండగానే అయిపోయింది. సంచిలో గడ్డ ఉందని అనుమానం ఉంటే మాత్రం సూది పెట్టరు, క్యాన్సర్ కణాలు సూది దారిలో అంటుకునే ప్రమాదం ఉంటుంది.

మన డయాగ్నస్టిక్ సెంటర్లలో మనుషులకు వాడే రంగు పట్టీలనే కుక్కకూ వాడేస్తే పొరపాటు ఫలితాలు వస్తాయి. రక్తం, చక్కెర, పీహెచ్ వరకు ఆ పట్టీ పనికొస్తుంది. చీముకణాలు చూపే గడి కుక్కల్లో నమ్మదగ్గది కాదు, అవి ఉన్నా లేవని చూపిస్తుంది. మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే గడీ అంతే, దానికి రిఫ్రాక్టోమీటర్ అనే చేతిలో ఇమిడే పరికరం వాడాలి. మిగతాది సూక్ష్మదర్శిని చెప్పాలి. మూత్రం ఎర్రగా ఉంటే దాన్ని గిరగిర తిప్పే యంత్రంలో పెట్టి చూస్తారు. ఎరుపు అడుగుకు దిగి పైన తేటపడితే అది సంచిలోనో కిడ్నీలోనో కారిన రక్తం. ఎంత తిప్పినా ఎర్రగానో కాఫీ రంగులోనో ఉండిపోతే, రక్తకణాలు ఒంట్లోనే పగిలి వాటి రంగు మూత్రంలోకి దిగుతోందన్న మాట. పిడుదుల వల్ల వచ్చే బెబీసియా జ్వరం అలా బయటపడుతుంది. పిడుదులకు కొదవలేని ఈ డెల్టాలో ఈ రెండు నిమిషాల పరీక్ష ప్రాణం నిలబెడుతుంది. కాఫీ రంగు మూత్రాన్ని మూత్రసంచి ఇన్‌ఫెక్షన్ అనుకుని మాత్రలు వేస్తూ కూర్చుంటే ఈలోగా కుక్క రక్తహీనతతో పోతుంది.

యాంటీబయాటిక్‌ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పెంపుడు జంతువుల అంటువ్యాధుల అంతర్జాతీయ సంఘం 2011లో, మళ్లీ 2019లో పశువైద్యులకు మార్గదర్శకాలు ఇచ్చింది. మొదటిసారి, అప్పుడప్పుడు వచ్చే మామూలు ఇన్‌ఫెక్షన్‌కు అమాక్సిసిలిన్ లాంటి పాత మందు మూడు నుంచి ఐదు రోజులు చాలని 2019లో చెప్పారు. అంతకుముందు రెండు వారాలు వాడటం మామూలే. ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని తిరగబెట్టే ఇన్‌ఫెక్షన్ కింద లెక్కగట్టాలి. అప్పుడు మందు మార్చడం కాదు చేయాల్సింది. కల్చర్ చేయించి, ఎందుకు తిరగబెడుతోందో వెతకాలి. ఇంకో మాట చాలామందికి వింతగా అనిపిస్తుంది. కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపించినా, కుక్కకు మంట, రక్తం, మాటిమాటికీ కూర్చోవడం లాంటి లక్షణాలేవీ లేకపోతే దానికి మందు వద్దు. కాగితాన్ని కాదు, కుక్కను చూసి వైద్యం చేయాలి.

నేను ఫ్రిజ్ మీద డబ్బాలో పడేసిన మాత్రలు గుర్తొచ్చాయి. నాకు నేనే మానేయడం ఒక తప్పు, అవి మళ్లీ పనికొస్తాయని దాచడం ఇంకో తప్పు. అసలు ఏ క్రిమికో తెలియకుండా మొదలుపెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కైకలూరు చేపల చెరువులు, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులు, కోళ్ల ఫారాలు ఇంత దట్టంగా ఉన్న ప్రాంతంలో యాంటీబయాటిక్‌ను ఎక్కడ ఎంత వాడాలన్నది అందరి సమస్య. కొలిస్టిన్ అనే చిట్టచివరి మందును తిండికోసం పెంచే జంతువుల్లో వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. కుక్క మన మంచం మీద పడుకుంటుంది, మన పిల్లల మొహం నాకుతుంది. దాని పేగుల్లో మందుకు లొంగని ఈ-కోలై తయారైతే అది ఆ గది దాటకుండా ఉండదు.

సిరి కల్చర్‌లో పెరిగింది ఈ-కోలై కాదు, స్టెఫైలోకాకస్. ఆ పేరు వినగానే డాక్టరు గారు ఎక్స్‌రే రాశారు. ఫిల్ములో, తుంటి ఎముకలకు ముందు, మూత్రసంచి ఉండే చోట తెల్లగా ఐదు గులకరాళ్లు. బఠాణీ గింజంత పెద్దది ఒకటి, మిగతావి పెసర గింజలంత.

ఆడకుక్కల మూత్రసంచిలో ఎక్కువగా కనిపించే రాయి స్ట్రువైట్. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం. 1845లో జర్మనీలోని హాంబర్గ్‌లో సెయింట్ నికోలాయ్ చర్చి కోసం పునాదులు తవ్వుతుంటే, పాతకాలపు పేడ ఇంకిన మట్టిలో ఈ స్ఫటికాలు దొరికాయి. వాటిని పరిశీలించిన ఉలెక్స్ అనే రసాయనవేత్త, స్ట్రూవే అనే రష్యన్ దౌత్యవేత్త గౌరవార్థం ఆ పేరు పెట్టారు. పేడ కుళ్లిన మట్టిలో జరిగిందే కుక్క సంచిలోనూ జరుగుతుంది. స్టెఫైలోకాకస్, ప్రోటియస్ లాంటి బ్యాక్టీరియాల దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మూత్రంలోని యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది. గరిటె దగ్గర నా ముక్కుకు తగిలిన ఘాటు అదే. అమ్మోనియాతో మూత్రం క్షారంగా మారుతుంది. క్షారంలో ఈ ఖనిజం కరిగి ఉండలేదు, పొరలు పొరలుగా పేరుకుంటుంది. ప్రతి పొరలోనూ కొన్ని బ్యాక్టీరియాలు సజీవంగా చిక్కుకుంటాయి. మాత్రలు వేస్తే బయట ఈదేవి చస్తాయి, రాతిలో దాక్కున్నవి మిగులుతాయి. మూడో రోజుకు సిరి హుషారు కావడమూ, మళ్లీ మొదటికి రావడమూ అందుకే.

రాయి అనగానే ఆపరేషనే అనుకున్నాను. అశ్మరిని కోసి తీసే పద్ధతిని సుశ్రుత సంహితే వర్ణించింది, మనకు ఆ ఆలోచన కొత్తది కాదు. కానీ ఇన్‌ఫెక్షన్ వల్ల పుట్టిన స్ట్రువైట్‌ను కరిగించవచ్చు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కార్ల్ ఆస్బోర్న్ 1980లలో దీన్ని వైద్యంగా నిలబెట్టారు. 1981లో ఆయన మొదలుపెట్టిన రాళ్ల పరీక్షా కేంద్రానికి ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన రాళ్లు పది లక్షలు దాటాయి. బ్యాక్టీరియాకు సరిపడ్డ యాంటీబయాటిక్ ఒక పక్క, ఫాస్ఫరస్, మెగ్నీషియం, ప్రోటీన్ తగ్గించి మూత్రాన్ని ఆమ్లం వైపు తిప్పే ప్రత్యేకమైన ఆహారం మరో పక్క. రాయి కరుగుతూ పొరల్లోని బ్యాక్టీరియాను వదులుతుంది కాబట్టి ఈ రెండూ కలిసి నడవాలి. నెలకోసారి ఎక్స్‌రే తీసి రాయి చిన్నదవుతోందో లేదో చూస్తారు. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. దారి మూసుకుపోతే తప్ప స్ట్రువైట్‌కు కత్తికన్నా ముందు ఈ దారినే ప్రయత్నించాలని అమెరికా పశువైద్య నిపుణుల బృందం 2016లో సూచించింది. ఆ నెలల్లో కుక్కకు ఇంకేమీ పెట్టకూడదు. ఒక్క పెరుగన్నం ముద్ద, పిల్లలు బల్ల కింద జార్చే ఒక్క చేపల వేపుడు ముక్క చాలు, లెక్క తప్పడానికి. మా ఇంట్లో ఇదే అన్నిటికన్నా కష్టమైన భాగం.

కొండపిండి ఆకు కషాయం తాగించమని ఊరి నుంచి ఫోను వచ్చింది. ఆ పేరులోనే రాయిని పిండి చేస్తుందన్న నమ్మకం ఉంది, మనుషులకు మా పెద్దవాళ్లు వాడిందీ నిజమే. కానీ ఆడకుక్కలో ఈ రాయిని కడుతున్నది బ్యాక్టీరియా. దాన్ని వదిలేసి రాయి మీద పడితే కరిగినంత మళ్లీ కడుతుంది. ఆ మాట అత్తయ్యకు చెబితే, "అయితే మేస్త్రీని వదిలేసి గోడ పడగొట్టినట్టే కదే" అన్నారు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

రాళ్లన్నీ కరిగేవి కావు. కాల్షియం ఆక్సలేట్ రాయికి ఏ ఆహారమూ పనిచేయదు, తీయాల్సిందే. డాల్మేషియన్లలో యూరిక్ ఆమ్లాన్ని కణాల్లోకి చేర్చే జన్యువు దెబ్బతిని ఉండటం వల్ల యూరేట్ రాళ్లు వస్తాయి, మగకుక్కల్లో ఎక్కువ. బందరు, నాగాయలంక వైపు ఇళ్లలో ఆ మచ్చల కుక్కకు ప్రేమగా పెట్టే ఎండు చేపలు, కాలేయం ఆ రాళ్లకు సరుకు అందిస్తాయి. ఈ యూరేట్ రాళ్లు మామూలు ఎక్స్‌రేలో తరచూ కనిపించవు, స్కానింగ్ కావాలి. ఆపరేషన్ చేసి తీస్తే, తీసిన రాయిని జ్ఞాపకంగా డబ్బాలో పెట్టుకోకుండా పరీక్షకు పంపమని అడగండి. మళ్లీ రాకుండా ఏం చేయాలన్నది ఆ ఫలితాన్ని బట్టే ఉంటుంది.

ఇక తెలియకుండా కారే రకం. కుక్క పగలంతా మామూలుగా, ధారగా పోస్తుంది. గాఢనిద్రలో మాత్రం పక్క తడిసిపోతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో, సంచి మెడ దగ్గర బిగించే కండరం సడలడం వల్ల ఇది వస్తుంది. అండాశయాలు తీసేశాక ఈస్ట్రోజన్ తగ్గడం దీనికి ముఖ్య కారణం. 1989లో స్విట్జర్లాండ్‌లో సూసీ ఆర్నాల్డ్ బృందం లెక్కగట్టినప్పుడు ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో ఐదింట ఒకదానికి ఇది కనిపించింది. ఇరవై కిలోలు దాటిన పెద్ద జాతుల్లో దాదాపు ముప్పై శాతం, అంతకన్నా చిన్నవాటిలో పది శాతం లోపు. దీనికి యాంటీబయాటిక్ ఏమీ చేయదు, వెంట ఇన్‌ఫెక్షన్ కూడా ఉంటే తప్ప. ఆ కండరాన్ని బిగించే ఫెనిల్‌ప్రొపనాలమైన్, లేదా ఈస్ట్రియాల్ అనే హార్మోన్ మాత్రలతో చాలా కుక్కలు పూర్తిగా పొడిగా ఉంటాయి. మొదటిది రక్తపోటు పెంచుతుంది కాబట్టి గుండె, కిడ్నీ జబ్బులుంటే జాగ్రత్తపడాలి. ముసలితనమని, బుద్ధి మందగించిందని వరండాలోకి తోసేసిన కుక్కల్లో ఎన్నింటికి రోజుకు ఒకటో రెండో మాత్రలతో మళ్లీ ఇంట్లో చోటు దొరికేదో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఇది చదివి ఆపరేషనే మానేద్దామని ఎవరూ అనుకోవద్దు. ఆపరేషన్ లేని ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతుకు పదేళ్లు వచ్చేలోపు గర్భసంచిలో చీము పడుతుందని స్వీడన్ బీమా లెక్కలు చూపించాయి. ఎదకు వచ్చి వెళ్లిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కుక్క అతిగా నీళ్లు తాగుతూ, అతిగా పోస్తూ, తిండి మానేసి, వాంతులు చేసుకుంటే అది మూత్రబాధ కాదు. ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి. నిద్రలో కారడానికి మాత్ర ఉంది. పగిలిన గర్భసంచి అంత తేలిగ్గా లొంగదు.

పుట్టినప్పటి నుంచీ, ఎన్ని నెలలు అలవాటు చేసినా ఎప్పుడూ చుక్కలు చుక్కలుగా కారే ఆడపిల్లలు కూడా ఉంటాయి. హస్కీ, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ పిల్లల్లో ఇది చూస్తాం. కిడ్నీ నుంచి వచ్చే నాళం సంచిలోకి తెరుచుకోకుండా, దాన్ని దాటి కింద తెరుచుకోవడం దానికి కారణం. ఆ పిల్లను కొట్టి నేర్పాలనుకోవడం అన్యాయం, దానికి కావాల్సింది శస్త్రచికిత్స. ముసలి ఆడకుక్కలో యాంటీబయాటిక్‌తో తగ్గి తగ్గి మళ్లీ వచ్చే రక్తపు మూత్రం వెనక సంచి క్యాన్సర్ ఉండొచ్చు, స్కానింగ్ ఆలస్యం చేయకూడదు.

వీధికుక్కల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. మా వీధి చివర టీ బండి దగ్గర ఉండే గోధుమరంగు కుక్క వెనక నుంచి రక్తపు బొట్లు రాలుతుంటే, పాపం మూత్రంలో రక్తం పడుతోందని అందరూ అనుకున్నారు. అది మూత్రం కాదు. మన వీధికుక్కల్లో బాగా కనిపించే, జతకట్టినప్పుడు అంటుకునే కణితి. క్యాలీఫ్లవర్‌లా గరుకుగా ఉండి, తాకితే రక్తం ఓడుతుంది. విచిత్రమేమిటంటే ఆ కణితిలోని కణాలు ఆ కుక్కవి కావు. కేంబ్రిడ్జ్‌లోని ఎలిజబెత్ మర్చిసన్ బృందం 2019లో వేసిన లెక్క ప్రకారం, 4,000 నుంచి 8,500 ఏళ్ల కింద ఆసియాలో బతికిన ఒకే ఒక్క కుక్క శరీరంలో పుట్టిన కణాలు ఇవి, కుక్క నుంచి కుక్కకు పాకుతూ ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఇంత పాత జబ్బుకు మందు చాలా దగ్గర్లో ఉంది. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, నాలుగు నుంచి ఆరు వారాలు. ఎక్కువ భాగం పూర్తిగా నయమవుతాయి. ఆ విన్‌క్రిస్టిన్ దొరికేది మన ఇళ్ల ముందు పూసే బిళ్లగన్నేరు నుంచి. మొక్కను నేరుగా పెడితే మాత్రం విషం. ఆ గోధుమరంగు కుక్కను నలుగురం కలిసి ఆటోలో వారంవారం తీసుకెళ్లాం. ఐదో ఇంజెక్షన్‌కు బొట్లు ఆగిపోయాయి.

ఇంకో విషయం, మన నీళ్ల గురించి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగినప్పుడు మనుషులూ కుక్కలూ ఎలుకలూ ఒకే నీళ్లలో ఉన్నారు. ఎలుకల మూత్రంతో పాకే లెప్టోస్పైరా బ్యాక్టీరియాకు వరదనీళ్లు, వరిమడులు రెండూ అనువైనవే. అది కుక్క కిడ్నీలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కుక్క మూత్రం ద్వారా మనకూ రావొచ్చు. ఏడాదికోసారి వేయించే టీకాల్లో లెప్టో ఉందో లేదో అడగండి. జ్వరంతో, కళ్లు పచ్చబడి ఉన్న కుక్క మూత్రాన్ని తుడవాల్సి వస్తే చేతికి తొడుగు వేసుకోండి.

సిరి మొదటి నెల ఎక్స్‌రేలో ఐదు రాళ్లు మూడయ్యాయి, బఠాణీ గింజ పెసర గింజైంది. రెండో నెలకు ఇసుకరేణువులాంటి ఒక్క చుక్క మిగిలింది. మూడోసారి ఫిల్మును వెలుగుకు ఎత్తి పట్టి చాలాసేపు వెతికాం, ఏమీ లేదు. మందు ఇంకొన్ని వారాలు సాగింది, ఆ తర్వాత చేసిన కల్చర్‌లో ఏదీ పెరగలేదు. ఇప్పుడు పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి నాలుగుసార్లు కిందికి తీసుకెళ్తున్నాం, మధ్యాహ్నం వంతు అత్తయ్యది. ఈ జబ్బు ఒకసారి వచ్చిన కుక్కకు మళ్లీ రావొచ్చు కాబట్టి మూడు నెలలకోసారి పీహెచ్, స్ఫటికాలు చూడాలన్నారు.

వచ్చే సోమవారం మళ్లీ గన్నవరం. గరిటె బాల్కనీలో మేకుకు వేలాడుతోంది. వంటగరిటెల్లో కలవకుండా పిడికి ఎర్రదారం కట్టి పెట్టారు అత్తయ్య.